మగ సైకిలే కావాలన్నారు!

మన ఇళ్ళలో ఆడవాళ్ళు సైకిలెక్కడం కొత్తేమీ కాదు. వెనక క్యారియరు మీద ఒక పక్కకు తిరిగి కూర్చుని, ఒళ్ళో చంటిపిల్లనీ, చేతిలో కూరల సంచీనీ పట్టుకుని, కొంగు చక్రంలో పడకుండా చూసుకుంటూ ఎన్ని సినిమాలకు, ఎన్ని పేరంటాలకు వెళ్ళలేదూ! ఎక్కడం వచ్చు, దిగడం వచ్చు. రానిదల్లా ఒక్కటే, హేండిలు పట్టుకోవడం. బండి ఎటు తిరగాలో, ఎక్కడ ఆగాలో అంతా ముందున్నాయన ఇష్టం. ఆ క్యారియరు మీంచి ముందు సీటుకి మూరెడు దూరం కూడా ఉండదు. ఆ మూరెడు దూరం రావడానికి ఆడవాళ్ళకు ఎన్నేళ్ళు పట్టిందో చూస్తే ఒకపక్క నవ్వొస్తుంది, ఇంకోపక్క ఒళ్ళు మండుతుంది.

ఇవాళ మనం చూస్తున్న సైకిలు, అంటే రెండు చక్రాలూ ఇంచుమించు ఒకే ఎత్తులో ఉండి, వెనక చక్రానికి చెయిను ఉన్నది, 1885లో ఇంగ్లండులో స్టార్లీ అనే ఆయన తయారు చేశాడు. అంతకు ముందు వాడుకలో ఉన్న బండికి ముందు చక్రం ఇంచుమించు మనిషంత ఎత్తు. పొడుగు గౌన్లు వేసుకున్న వాళ్ళు దాని జోలికి ఏం పోతారు? 1888లో డన్‌లప్ గాలి టైరు తెచ్చాక కుదుపులు కూడా తగ్గాయి. ఇంకేం, దొరసానులు సైకిళ్ళెక్కారు. వెంటనే కొందరు డాక్టర్లకు బెంగ పట్టుకుంది! సైకిలు తొక్కితే ఆడవాళ్ళ మొహం బిగుసుకుపోయి, కళ్ళు పొడుచుకొచ్చి, అందం కాస్తా మాయమవుతుందన్నారు. ఆ లేని జబ్బుకి ‘సైకిలు మొహం’ అని పేరు కూడా పెట్టారు.

బట్టల గొడవ ఇంకొకటి. 1898లో లేడీ హార్బర్టన్ అనే ఆవిడ గౌను బదులు వదులు లాగు తొడుక్కుని సైకిలు మీద వెళ్ళి, దారిలో ఒక హోటల్లో ఆగింది. ఆ వేషంతో కాఫీ గదిలోకి వీల్లేదు, కావాలంటే మగవాళ్ళు కూర్చునే బారు పక్క గదిలోకి పొమ్మన్నారు. వ్యవహారం కోర్టుకెక్కింది. 1899లో తీర్పు హోటలు పక్షానే వచ్చింది. ఆ అడ్డు చెప్పింది ఎవరనుకున్నారు? హోటలు యజమానురాలే!

అయినా బండి ఆగలేదు. అమెరికాలో స్త్రీల ఓటు హక్కు కోసం పోరాడిన సూసన్ ఆంథొనీ, ఆడవాళ్ళ విముక్తికి సైకిలు చేసినంత మేలు లోకంలో మరేదీ చెయ్యలేదని 1896లో అన్నారు.

“పోనిద్దురూ, అదంతా డబ్బున్న దొరసానుల వేడుక” అంటారేమో. నిజమే. అందుకే కూలి చేసుకునే ఆడవాళ్ళ కథ చెబుతాను.

తమిళనాడులో పుదుక్కోట్టై వెనకబడిన జిల్లా. 1991లో అక్కడ ‘అరివొళి ఇయక్కం’, అంటే జ్ఞానజ్యోతి ఉద్యమం అనుకోండి, పెద్దవాళ్ళకు చదువు చెప్పడం మొదలుపెట్టింది. అప్పటి కలెక్టరు షీలారాణి చుంకత్. కదలడం చేతకాకపోతే చదువు వచ్చి ఏం లాభం అనుకున్నారు కాబోలు ఆవిడ, అక్షరాలతో పాటు సైకిలు కూడా నేర్పించమన్నారు. సైకిళ్ళు కొనుక్కోవడానికి బ్యాంకుల చేత అప్పులిప్పించారు. నేర్చుకున్నవాళ్ళు మిగతావాళ్ళకు నేర్పారు. పొలం కూలీలు, క్వారీలో రాళ్ళు కొట్టేవాళ్ళు, అంగన్‌వాడీ అమ్మలు, నర్సులు, అందరూ చీరలతోనే సైకిలెక్కేశారు. ఎగతాళి చేసినవాళ్ళు లేకపోలేదు. కానీ 1992 మహిళా దినోత్సవం నాడు 1,500 మందికి పైగా ఆడవాళ్ళు హేండిళ్ళకు జెండాలు కట్టుకుని, బెల్లులు మోగిస్తూ ఊళ్ళోకి వస్తే, ఇంక ఎవరిని చూసి నవ్వుతారు?

ఆ ముచ్చటంతా పాలగుమ్మి సాయినాథ్ కళ్ళారా చూసి రాశారు. పదేళ్ళలోపు పిల్లల్ని పక్కన పెడితే, జిల్లాలోని పల్లెటూరి ఆడవాళ్ళలో నాలుగో వంతుకు పైగా సైకిలు నేర్చుకున్నారుట! దుకాణాల్లో లేడీసు సైకిళ్ళు అయిపోయాయి. అవి వచ్చేదాకా ఆగలేక మగ సైకిళ్ళే కొనేశారు. కొందరైతే కోరి మరీ అవే కావాలన్నారు. ఎందుకో తెలుసా? ముందు బారు మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చని! లేడీసు సైకిలు తయారుచేసినవాడికి గౌను గుర్తుంది గానీ, చంకలో బిడ్డ గుర్తు రాలేదు చూశారా!

అంతకు ముందు నాలుగు కూరగాయలు అమ్ముకు రావాలన్నా బస్సు కోసం పడిగాపులు. బస్సు దాకా దింపడానికి తండ్రో, మొగుడో, కొడుకో ఉండాలి. సైకిలొచ్చాక సరుకు తీసుకుని తనే వెళుతుంది, పిల్లలు ఆకలనేలోగా ఇంటికొస్తుంది, నీళ్ళ బిందె కూడా బండి మీదే తెచ్చుకుంటుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే మన నెల్లూరు జిల్లా దూబగుంటలో, రాత్రిబడికి వెళ్ళిన ఆడవాళ్ళు 1992లో సారా మీద తిరగబడ్డారు. ఇక్కడ అక్షరం సారా కొట్టు మూయిస్తే, అక్కడ సైకిలెక్కింది.

2006లో బీహారు ప్రభుత్వం తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్ళ కోసం డబ్బిచ్చింది. కార్తీక్ మురళీధరన్, నిషీత్ ప్రకాశ్ అనే ఆర్థికశాస్త్రవేత్తలు లెక్కలు తీస్తే, ఆ వయసులో హైస్కూల్లో చేరే ఆడపిల్లలు 32 శాతం పెరిగారని తేలింది. బడి మూడు కిలోమీటర్లు, ఆపైన దూరమున్న ఊళ్ళలో ఫలితం ఇంకా బాగుందిట. చదువంటే ఇష్టం లేక కాదు, దారి దూరమై మానేశారన్నమాట ఆ పిల్లలు!

మరి మన ఇళ్ళలో? పదో తరగతి దాకా గాలిలా తొక్కిన పిల్ల సైకిలు, ఆ తరవాత గోడకి చేరుతుంది. “పెద్దదానివయ్యావు, ఇంకా సైకిలేమిటే?” అనేది చాలాసార్లు మనమే. ఆ హోటలు యజమానురాలిలాగా! రోడ్లు బాగుండాలి, వీధి దీపాలు వెలగాలి, నిజమే. అవి అడుగుదాం. కానీ పుదుక్కోట్టై వాళ్ళు అవన్నీ వచ్చేదాకా కూర్చోలేదు. ఒక్కతె వెళితే వింత, పదిమంది వెళితే అది మామూలు సంగతి. వీధిలో నలుగురు కలిసి ఓ సాయంత్రం బయలుదేరితే, వారం తిరిగేసరికి ఎవరూ తలతిప్పి కూడా చూడరు.

పెరట్లో తుప్పు పడుతున్న సైకిలుంటే బయటికి తీసి, చెయినుకి కాస్త నూనె వెయ్యండి. అది లేడీసుదా, జెంట్సుదా అని మాత్రం చూడకండి.