హమ్: మైకు సెట్టు నుంచి కంప్యూటర్ దాకా

మాటా పాటా లేనప్పుడు కూడా స్పీకర్లలో ఎడతెగకుండా వినిపించే గుంయ్‌మనే మోతను సౌండ్ పనివాళ్లు హమ్ అంటారు. మన దేశంలో ఏసీ కరెంటు పౌనఃపున్యం 50 హెర్ట్జ్. అందుకే ఈ మోత 50 దగ్గర, దాని గుణిజాలైన 100, 150 దగ్గర పలుకుతుంది. శ్రుతి మీద నిలబడే హరికథకు ఇది మామూలు చప్పుడు కన్నా ఎక్కువ కీడు. కథకుడి షడ్జంతో కలవని మరో శ్రుతిని కథ పొడుగునా పక్కనే మోగిస్తుంది.

హరిదాసు ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) నాటి హరికథకు గొంతే ఆధారం. తర్వాత మైకు వచ్చింది. కరెంటు లేని పల్లెల్లో మైకు సెట్టు బ్యాటరీ మీద నడిచేది. బ్యాటరీది డీసీ కాబట్టి 50 హెర్ట్జ్ మోతకు అక్కడ తావు లేదు. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు మొదలైంది, కోస్తా ఊళ్లకు లైన్లు పాకాయి, కరెంటు సెట్లు పెరిగాయి. వాటిలో ఫిల్టర్ కండెన్సర్ ఎండిపోతే 100 హెర్ట్జ్ హమ్ వచ్చేది. జబ్బు పెట్టె లోపలే ఉండేది, కండెన్సర్ మారిస్తే పోయేది.

కంప్యూటర్ వచ్చాక జబ్బు పెట్టెల్లోంచి వాటి మధ్య వైర్లలోకి మారింది. ల్యాప్‌టాప్ బాగానే ఉంటుంది, మిక్సరూ బాగానే ఉంటుంది, రెంటినీ కలిపితేనే మోత. మూడు పిన్నుల ఛార్జర్ ఒక ప్లగ్గులో ఎర్త్ అయి, మిక్సర్ పందిరికి అవతల మరో ప్లగ్గులో ఎర్త్ అయితే, ఆ రెండు ఎర్త్‌ల మధ్య కొద్దిపాటి వోల్టేజీ తేడా ఉంటుంది. ఆడియో వైరు షీల్డు (లోపలి తీగను చుట్టి ఉండే లోహపు తొడుగు) వాటిని కలిపేసరికి దాని గుండా కరెంటు పారి పాటలో కలుస్తుంది. దీన్నే గ్రౌండ్ లూప్ అంటారు. ప్రొజెక్టర్‌కు వెళ్లే హెచ్‌డీఎంఐ కేబుల్, కేబుల్ టీవీ వైరు కూడా ఇలాంటి లూపు కట్టగలవు. 1996లో వచ్చిన యూఎస్‌బీ మరో రకం గోల తెచ్చింది. 5 వోల్టుల సరఫరా, డేటా ఒకే కేబుల్‌లో నడవడం వల్ల సన్నని కీచు పుడుతుంది, మౌసు కదిపితే దాని స్వరం మారుతుంది.

దొంగను పట్టడానికి మీటరు అక్కర్లేదు. ముందు ఛార్జర్ పీకి ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడపాలి. మోత ఆగితే దారి ఛార్జర్ ఎర్త్‌దే. ఆగకపోతే ప్రొజెక్టర్, యూఎస్‌బీ పరికరాలు ఒక్కొక్కటే తీస్తూ వినాలి. అన్నీ తీసినా మోగుతుంటే మిక్సర్, ఆంప్లిఫయర్ చూడాలి. చాలాసార్లు ల్యాప్‌టాప్, మిక్సర్ రెంటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్ నుంచి ఇస్తే పని అయిపోతుంది.

ఎర్త్ పిన్ను విరిచేయడం మాత్రం ఎన్నడూ చేయకూడదు. మోత పోతుంది, నిజమే. కానీ లోపల తీగ ఎక్కడైనా తెగి బాడీకి తగిలితే 230 వోల్టులు షీల్డు వెంట మైకు దాకా రావచ్చు. కాళ్లకు గజ్జెలు కట్టి, ఉత్త కాళ్లతో వేదిక మీద నిలబడి కథ చెప్పే పిల్ల చేయి ఆ మైకు మీదే ఉంటుంది.

ఎర్త్ తీయకుండా మోతను అణచే దారి పాతదే. మెలిపెట్టిన జంట తీగలకు అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1881లో పేటెంటు పొందాడు. స్టూడియోల బ్యాలెన్స్‌డ్ లైన్లు ఆ పద్ధతినే వాడుకున్నాయి. షీల్డును పరికరంలో ఎక్కడ కలపాలన్న దానిపై నీల్ మన్సీ 1995లో రాసిన పరిశోధన పత్రం కళ్లు తెరిపించింది. 2005లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ అదే విషయంపై ఏఈఎస్48 ప్రమాణం తెచ్చింది. పందిట్లో అంత తతంగం అక్కర్లేదు. ల్యాప్‌టాప్‌కూ మిక్సర్‌కూ నడుమ చిన్న ఆడియో ట్రాన్స్‌ఫార్మర్ గానీ, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్స్ గానీ పెడితే పాట అయస్కాంత క్షేత్రం ద్వారా దాటుతుంది, షీల్డు దగ్గర లూపు తెగుతుంది, ఎర్త్‌లు రెండూ యథాస్థానంలో ఉంటాయి.