విహార నౌకల్లో అంధ యాత్రికులు, గైడ్ డాగ్‌లు

చూపులేని వ్యక్తిని దారిలోని అడ్డంకులు తప్పిస్తూ నడిపించేలా ప్రత్యేక శిక్షణ పొందిన కుక్కను గైడ్ డాగ్ అంటారు. యజమానితో పాటు ఈ కుక్క విహార నౌక ఎక్కడం, గదిలోనూ భోజనశాలలోనూ ఆయన వెంటే ఉండడం నేడు అమెరికాలోనూ యూరోపియన్ యూనియన్‌లోనూ చట్టం రక్షించే హక్కు. ఈ హక్కు కోసం అంధ యాత్రికులు దశాబ్దాల పాటు పోరాడాల్సి వచ్చింది. నౌకలో చోటు సంపాదించడం అందులో సగమే. నౌక ఆగిన రేవులో కుక్కతో కలిసి దిగగలగడం మిగతా సగం. అది ఈనాటికీ పూర్తిగా చేతికి రాలేదు.

తొలి యాత్రికులు

గైడ్ డాగ్‌లు రాక ముందు కూడా అంధులు సముద్రాలు దాటారు. బ్రిటిష్ నౌకాదళంలో లెఫ్టినెంట్‌గా పనిచేసిన జేమ్స్ హోల్మన్ (1786–1857) ఇరవై అయిదేళ్ల వయసులో చూపు కోల్పోయాడు. ఆ తర్వాత చేతికర్రను నేలకు తట్టి, ఆ చప్పుడును బట్టి పరిసరాలను గుర్తిస్తూ ప్రపంచమంతా తిరిగాడు, యాత్రా గ్రంథాలు రాశాడు. ఆ కాలంలో ఆయన లాంటివారు అరుదు.

కుక్కలకు పద్ధతి ప్రకారం శిక్షణ ఇవ్వడం మొదటి ప్రపంచ యుద్ధంతో మొదలైంది. యుద్ధంలో చూపు పోగొట్టుకున్న సైనికుల కోసం 1916లో జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్‌లో డాక్టర్ గెర్హార్డ్ స్టాలింగ్ ఒక పాఠశాల ప్రారంభించాడు. స్విట్జర్లాండ్‌లో కుక్కలను పెంచి శిక్షణ ఇస్తున్న అమెరికన్ మహిళ డొరొతీ యూస్టిస్ ఈ జర్మన్ ప్రయోగం గురించి 1927 నవంబరులో ‘సాటర్డే ఈవెనింగ్ పోస్ట్’ పత్రికలో వ్యాసం రాసింది. టెనెస్సీ రాష్ట్రంలోని నాష్‌విల్‌కు చెందిన మోరిస్ ఫ్రాంక్ అనే అంధ యువకుడు ఆ సంగతి తెలుసుకుని, తనకూ అలాంటి కుక్క కావాలని ఆమెకు ఉత్తరం రాశాడు.

1928లో అతను స్విట్జర్లాండ్‌కు ఓడలో బయలుదేరాడు. ఒంటరిగా వెళ్లే అంధుడు కావడంతో అతన్ని అమెరికన్ ఎక్స్‌ప్రెస్ ద్వారా పార్శిల్‌ లాగా పంపించారు. అదే ఏడాది జూన్‌లో అతను ‘బడ్డీ’ అనే జర్మన్ షెపర్డ్‌తో న్యూయార్క్ రేవులో దిగాడు. నిత్యం వాహనాలతో కిటకిటలాడే వెస్ట్ స్ట్రీట్‌ను పత్రికా విలేకరుల ఎదుటే బడ్డీ వెంట దాటాడు. తర్వాత యూస్టిస్‌కు ఒకే మాటతో టెలిగ్రాం ఇచ్చాడు: సక్సెస్. మరుసటి ఏడాది జనవరిలో వీరి కృషితో ‘ద సీయింగ్ ఐ’ సంస్థ ఏర్పడింది. 1935 నాటికి అమెరికా రైల్వేలన్నీ గైడ్ డాగ్‌ను యజమాని పక్కనే కూర్చోనిచ్చాయి. సముద్ర ప్రయాణానికి మాత్రం వేరే అడ్డు ఉంది.

రేబిస్ భయం, క్వారంటైన్ గోడ

రేబిస్ లేని ద్వీపాలు బయటి కుక్కలను నెలల తరబడి నిర్బంధంలో ఉంచేవి. బ్రిటన్‌లో ఈ గడువు ఆరు నెలలు. బ్రిటిష్ అంధుడు సెలవులకు విదేశం వెళ్లాలంటే కుక్కను ఇంట్లో వదిలి వెళ్లాలి, లేదా తిరిగొచ్చాక ఆరు నెలలు అది లేకుండా గడపాలి. 2000 ఫిబ్రవరి 28న మొదలైన పెంపుడు జంతువుల ప్రయాణ పథకం ఈ చిక్కును విప్పింది. కుక్కకు మైక్రోచిప్ వేయించి, రేబిస్ టీకా ఇప్పించి, రక్తపరీక్షలో తగినంత రోగనిరోధకత ఉన్నట్టు చూపితే క్వారంటైన్ అక్కర్లేకుండా పోయింది.

హవాయిలో నిర్బంధం 120 రోజులు. అక్కడి అంధులు దీన్ని కోర్టులో సవాలు చేశారు. ‘క్రౌడర్ వర్సెస్ కిటగావా’ కేసులో 1996లో ఫెడరల్ అప్పీలు కోర్టు వారి వాదనలో బలం ఉందని తేల్చింది. అందరికీ ఒకటే అయిన నియమం కూడా గైడ్ డాగ్‌పై ఆధారపడినవారిని ప్రజాసేవలకు దూరం చేస్తే అది వివక్ష కావచ్చని చెప్పింది. దాంతో టీకాలు, పరీక్షలు సరిగా ఉన్న గైడ్ డాగ్‌లకు నిర్బంధం నుంచి మినహాయింపు లభించింది.

నౌకల మీదికి వచ్చిన చట్టం

అమెరికా రేవుల నుంచి బయలుదేరే విహార నౌకలు చాలావరకు బహామాస్, పనామా వంటి దేశాల జెండాలతో నడుస్తాయి. 1990 నాటి వికలాంగుల హక్కుల చట్టం వీటికి వర్తిస్తుందా అన్నది చాలాకాలం తేలలేదు. హ్యూస్టన్ నుంచి ప్రయాణించిన కొందరు వికలాంగులు అధిక ఛార్జీల మీద, తమకు అనువుగా లేని గదుల మీద వేసిన దావా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ‘స్పెక్టర్ వర్సెస్ నార్వేజియన్ క్రూజ్ లైన్’ కేసులో 2005 జూన్ 6న తీర్పు వచ్చింది. అమెరికా జలాల్లో ఉన్న విదేశీ జెండా నౌకలకూ చట్టం వర్తిస్తుందని, అయితే నౌక అంతర్గత వ్యవహారాలకు సంబంధించి కొన్ని పరిమితులు ఉంటాయని కోర్టు చెప్పింది. దావా వేసినవారు గైడ్ డాగ్ యజమానులు కాకపోయినా ఆ తీర్పు వారికీ దారి తెరిచింది.

2010లో అమెరికా రవాణా శాఖ ప్రయాణికుల నౌకలకు ప్రత్యేక నిబంధనలు వెలువరించింది. సాటి ప్రయాణికులకు ఇబ్బందిగా ఉందన్న సాకుతో గైడ్ డాగ్ వంటి సేవా శునకాన్ని నిరాకరించకూడదు. దాని ఆహారాన్ని తగుమాత్రం అదనపు రుసుము లేకుండా తీసుకెళ్లనివ్వాలి. యూరప్‌లో నౌకా ప్రయాణికుల హక్కుల 1177/2010 నియమావళి 2012 డిసెంబర్ 18 నుంచి అమలైంది.

నౌకలో ఒక రోజు

గైడ్ డాగ్‌కు నౌకలో అన్నిటికంటే కష్టమైన పని మలమూత్ర విసర్జన. గదుల్లో ఆ పని చేయకూడదని దానికి చిన్నప్పటి నుంచి నేర్పుతారు. కొన్ని విహార నౌకా సంస్థలు ఇందుకోసం నాలుగడుగుల చదరపు పెట్టెలో చెట్టు బెరడు తునకలు పోసి డెక్ మీద ఉంచుతాయి. ఇంకొన్ని చోట్ల పచ్చికపెళ్లలు పరుస్తారు. ఇంత చిన్న చోటును కుక్క వెంటనే ఒప్పుకోదు. అందుకే అనుభవమున్న యజమానులు ప్రయాణానికి ముందే ఇంటి పెరట్లో అలాంటి పెట్టె పెట్టి అలవాటు చేస్తారు.

నౌకలో నడవాలన్నీ ఒకేలా ఉంటాయి, తలుపులన్నీ ఒకేలా ఉంటాయి. యజమాని తన గది తలుపు పిడికి రబ్బరు బ్యాండో గుడ్డముక్కో కట్టుకుంటాడు. మెట్ల దగ్గర నుంచి అక్కడికి కుక్కను పదే పదే తీసుకెళ్లి, చేరిన ప్రతిసారీ మెచ్చుకుంటాడు. ఒకటి రెండు రోజుల్లో అది తానే గది వెతికి పెడుతుంది. డెక్ తలుపుల దగ్గర ఎత్తుగా ఉండే గడప ముందు ఆగి హెచ్చరిస్తుంది. ఈత కొలనుల్లోకి, స్పాలోకి మాత్రం దానికి ప్రవేశం ఉండదు. తిండి పెట్టడం, బయటికి తిప్పడం యజమాని బాధ్యతే.

పెంపుడు కుక్కల సంగతి వేరు. కునార్డ్ సంస్థ నౌక ‘క్వీన్ మేరీ 2’లో వాటికి ప్రత్యేక కెన్నెల్స్ ఉన్నాయి, 2016లో వాటి సంఖ్యను 24కు పెంచారు. గైడ్ డాగ్ యజమాని గదిలోనే ఉంటుంది.

నేటి స్థితి

ఒక్కో రేవుకు ఒక్కో నియమం. బ్రిటన్, ఐర్లాండ్, మాల్టా, నార్వే, ఫిన్లాండ్‌లకు వెళ్లే కుక్కకు చేరడానికి ఒకటి నుంచి అయిదు రోజుల ముందు పశువైద్యుడి చేత బద్దెపురుగు మందు వేయించడం ఒక నిబంధన. నడిసముద్రంలో ఉన్నప్పుడు ఆ గడువు కుదరడం తేలిక కాదు. కరేబియన్‌లో జమైకా వంటి ద్వీపాల దిగుమతి నియమాలు ఎంతో కఠినం. పత్రాలు లేని కుక్క నౌకలోనే ఉండిపోవాలి. కుక్కను ఒంటరిగా వదలకూడదు కనుక యజమాని కూడా దిగడం మానుకుంటాడు, లేదా ఎవరినైనా తోడు ఉంచి కర్ర సాయంతో వెళ్తాడు. అమెరికా 2024 ఆగస్టు 1 నుంచి తన దేశంలోకి వచ్చే ప్రతి కుక్కకూ కనీసం ఆరు నెలల వయసు, మైక్రోచిప్, ముందస్తు దరఖాస్తు తప్పనిసరి చేసింది. విదేశీ రేవులు చూసి తిరిగొచ్చే గైడ్ డాగ్‌లకూ ఇది వర్తిస్తుంది. అందువల్ల అంధ యాత్రికుల సన్నాహం టికెట్ కొనడానికి నెలల ముందే, దారిలోని ప్రతి దేశపు పశువైద్య శాఖ నుంచి అనుమతి అడగడంతో మొదలవుతోంది.