సముద్రం మీదికి పోయేవాడి గుర్తింపు

మోటుపల్లి వీరభద్రస్వామి గుడి మండపంలో ఒక రాతి స్తంభం ఉంది. క్రీ.శ. 1244-45లో కాకతీయ గణపతిదేవుడు దాని మీద సంస్కృతంలోనూ తెలుగులోనూ శాసనం చెక్కించాడు. చరిత్రకారులు దాన్ని అభయ శాసనం అంటారు. అప్పట్లో దేశ్యుయ్యక్కొండపట్టణమని మరో పేరున్న ఈ రేవుకు వచ్చిపోయే సముద్ర వర్తకులందరికీ రాజు ఇచ్చిన మాట అది. గాలివానకు దారి తప్పో, పగిలిపోయో ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు, అన్నింటినీ అంతకు ముందు ఏలినవాళ్లు బలవంతంగా లాక్కునేవారు. ప్రాణం కన్నా ధనమే గొప్పదనుకుని సముద్రానికి ఎదురెళ్లే వాళ్ల మీద దయ తలచి, న్యాయమైన సుంకం తప్ప తక్కినదంతా వదిలేస్తున్నామని గణపతిదేవుడు ప్రకటించాడు. ఎగుమతికైనా దిగుమతికైనా ముప్పయ్యో వంతు. చందనం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, రాగి, సీసం, పట్టు, మిరియాలు, పోకలు, దేని మీద ఎంతో కూడా రాయించాడు.

నేను చీరాల, చినగంజాం వైపు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. పిల్లల్ని మోటుపల్లి తీసుకెళ్తే స్తంభం చుట్టూ తిరిగి, సముద్రం దాకా పరుగెత్తి వచ్చేవాళ్లు. ఒక ఏడు ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి అడిగింది: "ఓడ దిగినోడు ఎవరో రాజుగారి మనుషులకి ఎట్టా తెలిసేది టీచర్?" ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. శాసనంలో సరుకుల పేర్లున్నాయి. తెరచాప ఎత్తినవాడి పేరు, చుక్కాని పట్టినవాడి ఊరు లేవు. వాళ్ల పూచీ ఓడ పెద్దది, అతని పూచీ వర్తక సంఘానిది అయి ఉండాలి. ఒక మనిషి ఎవరో చెప్పాలంటే ఇంకో మనిషి నోటిమాట కావాలి. రాజుకు కావలసింది సుంకం, దానికి బదులుగా ఆయన ఇచ్చింది రక్షణ.

మన తీరంలో పేరుతో సహా మనకు తెలిసిన పాత నావికుడు ఒకడున్నాడు. కృష్ణా జిల్లా ఘంటసాలలో దొరికిన ఒక ప్రాకృత శాసనంలో మహానావిక శివకుడి పేరు కనిపిస్తుంది. పదిహేడు వందల ఏళ్లనాటి మాట. బౌద్ధానికి చేసిన దానం వల్ల ఆ పేరు రాతికెక్కింది. రెండు కొయ్యల ఓడ బొమ్మతో శాతవాహనులు వేసిన నాణేలు కూడా ఈ కోస్తాలో దొరికాయి. నాణెం మీద ఓడ ఉంది, నడిపినవాడు లేడు. అందుకే ఘంటసాల రాయి నాకు అపురూపం.

పదమూడో శతాబ్దం చివర మార్కోపోలో మోటుపల్లి రేవును ముత్ఫిలి అన్నాడు. ఇక్కడి సన్నబట్టను సాలెగూడుతో పోల్చాడు. 1358లో కొండవీటి అనపోతారెడ్డి ఇదే మోటుపల్లిలో ఇంకో శాసనం వేయించి వర్తకులకు మళ్లీ మాట ఇచ్చాడు. రాజ్యం మారినప్పుడల్లా ఆ మాట మళ్లీ చెప్పవలసి వచ్చిందంటే, దాని విలువ ఎంతో తెలుస్తుంది. కుమారగిరిరెడ్డి కాలంలో అవచి తిప్పయసెట్టి దూరదేశాల నుంచి సుగంధద్రవ్యాలు తెప్పించేవాడు. శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితమిచ్చింది ఆయనకే. కావ్యం అంకితం పుచ్చుకునే స్థాయికి వర్తకుడు ఎదిగాడు. ఆ కర్పూరం మూటలు మోసుకొచ్చిన కళాసీలు ఎవరో ఏ కావ్యమూ చెప్పదు.

నిజాంపట్నం దగ్గర కథ మారుతుంది. తెల్లవాళ్లు దాన్ని పెటపొలి అన్నారు. 1606లో డచ్చివాళ్లు అక్కడ కోఠీ పెట్టారు. 1611 ఆగస్టులో గ్లోబ్ అనే ఇంగ్లీషు ఓడ అక్కడ లంగరు వేసి, ఆ తర్వాత మచిలీపట్నం వెళ్లింది. వాళ్లను లాక్కొచ్చింది మన నూలుగుడ్డ, ఆ గుడ్డకు చిరివేరుతో అద్దే ఎరుపు. వాళ్లకన్నా ముందే, పదహారో శతాబ్దం మొదట్లోనే, పోర్చుగీసువాళ్లు హిందూ మహాసముద్రంలో కర్తాజ్ అనే కాగితం తెచ్చారు. ఓడ పేరు, ఎంత బరువు మోస్తుంది, నడిపేవాడెవరు, ఆయుధాలేమున్నాయి, ఎక్కడికి పోతోంది, అన్నీ అందులో రాసి ఉండాలి. ఆ చీటీ లేని ఓడ కనబడితే సరుకుతో సహా పట్టుకునేవారు. గణపతిదేవుడి రాయి ఓడవాడికి ధైర్యం చెప్పింది. కర్తాజ్ ఓడవాడిని భయపెట్టి డబ్బు గుంజింది. సముద్రం మీద కాగితానికి ఈ రెండు ముఖాలూ మొదటి నుంచీ ఉన్నాయి. ఏ కాలపు కాగితాన్ని చూసినా అందులో ఏ ముఖం ఎక్కువుందా అని నేను వెతుకుతాను.

ఆవిరి ఓడలు వచ్చాక తనిఖీ ఓడను దాటి మనిషి ఒంటి మీదికి వచ్చింది. ఇంగ్లీషు ఓడల్లో బొగ్గు ఎత్తిన, డెక్కు కడిగిన మన దేశపు కూలీలను లాస్కర్లన్నారు. ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలో పుట్టినవాళ్లయినా ఓడ సిబ్బంది లెక్కలో వాళ్లు బ్రిటిష్ నావికులు కారని 1823లోనే చట్టం చేశారు. వేలిముద్రతో మనిషిని పట్టే పద్ధతీ మన దేశంలోనే స్థిరపడింది. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో తెరిచారు. ఆ వర్గీకరణను తయారుచేసింది అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు ఉద్యోగులు, కానీ దానికి పై అధికారి హెన్రీ పేరు పెట్టారు. 1925లో బ్రిటన్ నల్లజాతి, ఆసియా నావికుల మీద ప్రత్యేక ఉత్తర్వు తెచ్చింది. తాను బ్రిటిష్ ప్రజనని చూపే కాగితం లేకపోతే పోలీసుల దగ్గర విదేశీయుడిగా నమోదై, ఫొటో, వేలిముద్ర ఉన్న కార్డు దగ్గర పెట్టుకోవాలి. సామ్రాజ్యంలోనే పుట్టి, సామ్రాజ్యపు ఓడల్లోనే చెమటోడ్చినవాళ్లు ఒక్క కాగితం లేక పరాయివాళ్లయ్యారు. 1942 దాకా ఆ ఉత్తర్వు నడిచింది. ఈ పాఠం చెప్పేటప్పుడు నా గొంతులో కోపం దాచుకునేదాన్ని కాదు. దాచాల్సిన పనీ లేదు.

ఈలోగా మా రేవులు చల్లబడ్డాయి. 1861-65 అమెరికా అంతర్యుద్ధం వల్ల లాంకషైరు మిల్లులకు అక్కడి పత్తి ఆగిపోయి, గుంటూరు నల్లరేగడి పత్తికి గిరాకీ లేచింది. ఆ పత్తికి బజారులో దక్కిన పేరు మాత్రం కాకినాడది, ఓడ ఎక్కేది అక్కడ కాబట్టి. దుగ్గిరాల నుంచి పెదగంజాం దాకా కొమ్మమూరు కాలువ, అక్కడి నుంచి మద్రాసు దాకా బకింగ్‌హాం కాలువ, ఆ తర్వాత 1899 నాటికి బెజవాడ నుంచి మద్రాసుకు రైలు. సరుకు కాలువెక్కింది, రైలెక్కింది. మోటుపల్లి, కొత్తపట్నం చేపల ఊళ్లయ్యాయి. పర్చూరు, ఇంకొల్లు, మార్టూరు రైతుకు సముద్రం కూతవేటులోనే ఉన్నా, ఓడ ఉద్యోగమంటే వేరే లోకం మాటైపోయింది.

1958లో రెండు పనులు జరిగాయి. స్వతంత్ర భారతం మర్చంట్ షిప్పింగ్ చట్టం చేసుకుంది. జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ నావికుల గుర్తింపు పత్రాల మీద 108వ ఒప్పందం చేసింది. దాని ఉద్దేశం చాలామందికి తెలియదు. నెలల తరబడి ఇనుప గోడల మధ్య బతికినవాడు, రేవు చేరాక వీసా అడక్కుండా నాలుగు గంటలు నేల మీద నడిచి, ఇంటికి ఫోను చేసుకుని, గుడికో చర్చికో మసీదుకో పోయి రావాలని ఆ పత్రం పుట్టింది. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత రేవులన్నీ అనుమానంతో బిగుసుకుపోతే, 2003లో 185వ ఒప్పందం వచ్చింది. భద్రత కోసం బయోమెట్రిక్ పెట్టారు, దాంతోపాటు ఒడ్డున దిగే హక్కునూ నిలబెట్టారు. ఆ పత్రం నావికుడి దగ్గరే ఉండాలని, అతను రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే కెప్టెన్ దాచాలని కూడా రాశారు. 2015లో మన దేశం దాన్ని ఆమోదించింది. 2019లో ముఖం ఆధారంగా గుర్తించే బయోమెట్రిక్ పత్రాన్ని మొదలుపెట్టి, తొమ్మిది కేంద్రాలు ప్రకటించింది. వాటిలో మనకు దగ్గరివి విశాఖపట్నం, చెన్నై. అమెరికా ఇప్పటికీ ఆ ఒప్పందంలో చేరలేదు. అక్కడి రేవులో దిగాలంటే మన కుర్రాడికి వీసా కావలసిందే.

ఈ చరిత్రంతా నాకు పుస్తకం విషయంగానే ఉండేది. మొన్న వేసవిలో నా పాత విద్యార్థి ఒకడు ఫైలు పట్టుకుని ఇంటికొచ్చాడు. నాన్న కౌలుకు తీసుకుని మిర్చి, పత్తి వేస్తాడు. తేజ రకం ఎండుమిర్చి గుంటూరు యార్డు నుంచి కంటెయినర్లో చైనా పోతుంది, కొడుకు మాత్రం చెన్నై దాటలేదు. ఓడలో రేటింగ్‌గా, అంటే అధికారుల కింద పనిచేసే సిబ్బందిగా, చేరాలని వాడి ఆశ. ముందు ఇండోస్ నంబరు కావాలి. దేశంలోని నావికులందరి వివరాలూ ఉండే జాబితాలో మనిషికి ఒకటే నంబరు, జీవితాంతం అదే. ఆ తర్వాత ప్రాణరక్షణ, మంటలార్పడం, ప్రథమ చికిత్స వంటి ప్రాథమిక శిక్షణలు, గుర్తింపు పొందిన డాక్టరు సర్టిఫికెట్. అప్పుడు సీడీసీ పుస్తకం. ఎక్కిన ప్రతి ఓడా, దిగిన ప్రతి రోజూ అందులో పడతాయి. ఆ పుస్తకం ఉన్నవాడికే బయోమెట్రిక్ పత్రం.

వాడు ఆగిపోయింది మొదటి మెట్టు మీదే. "టీచర్‌గారూ, నేను నేనేనని కంప్యూటర్ ఒప్పుకోవట్లా" అన్నాడు, కళ్లల్లో నీళ్లొక్కటే తక్కువ. కాగితాలు పరిచి చూశాం. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరం. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, అదీ చివర. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి వేరు, అసలు పేరు రెండు ముక్కలు. ఆధార్‌కు కలిపిన ఫోను నంబరు వాళ్ల నాన్నది, ఆ సిమ్ రీఛార్జి లేక ఎప్పుడో పోయింది, ఇక ఓటీపీ ఎక్కడికి వస్తుంది? ఫొటోలో మీసం రాని పిల్లవాడు. మా వైపు మనిషిని ఇంటిపేరుతో మొదలుపెట్టి పిలుస్తాం. ఆ ఫారాలు మొదటి పేరు, చివరి పేరు అని అడుగుతాయి. తప్పు కుర్రాడిది కాదు, బడిలో పేరు రాసినవాళ్లది కూడా కాదు. కానీ నష్టం వాడిదే. ముందు ఆధార్‌లో ఫోను, ఫొటో మార్పించాం. పేరును టెన్త్ మెమోకు తగ్గట్టు సరిచేయించి, పాస్‌పోర్టుకు మళ్లీ అర్జీ పెట్టించాం. ఒక కోర్సు బ్యాచి చేయిదాటిపోయింది. తర్వాతి బ్యాచికి వాడి గుర్తింపు ఖరారైంది.

ఈ ఆన్‌లైన్ ధ్రువీకరణ మంచిదా చెడ్డదా అంటే, మంచిదేనని నా నమ్మకం. దొంగ సీడీసీలు అమ్మి, లక్షలు గుంజి, కుర్రాళ్లను ఊరూపేరూ లేని ఓడల్లోకి ఎక్కించే దళారులకు నిజమైన ఇండోస్ రికార్డు అడ్డుగోడ. రేపు ఓడ యజమాని జీతం ఎగ్గొట్టినా, సముద్రంలో ప్రమాదం జరిగినా, ఇతను మా మనిషి అని దేశం చెప్పగలిగేది ఆ రికార్డు ఉన్నప్పుడే. 2020లో కరోనా వల్ల ప్రపంచమంతటా నాలుగు లక్షల మంది నావికులు ఓడల్లో చిక్కుకుపోయినప్పుడు, ఇంటికి చేర్చవలసినవాళ్లను లెక్కపెట్టగలగడమే పెద్ద అండ అయింది. కానీ గణపతిదేవుడు తన మాటను రేవులోనే, అక్కడి జనం భాషలో చెక్కించాడు. సుంకం ఎంతో దళారి చెప్పాల్సిన అవసరం లేకుండా చేశాడు. ఇప్పటి నిబంధనలు కూడా మన కుర్రాళ్లకు తెలుగులో, మండల కేంద్రంలో దొరకాలి. అది దయ కాదు, బాధ్యత.

ఆ స్తంభం చుట్టుపక్కల మండలాల్లో పనిచేసే ఉపాధ్యాయులకు, మీసేవ నడిపేవాళ్లకు, తల్లిదండ్రులకు నేను అడిగేది ఇది. టెన్త్ రిజిస్ట్రేషన్‌కు ముందే పిల్లల ఆధార్ తీసి ఇంటిపేరు, పుట్టినతేదీ అక్షరం అక్షరం సరిచూడండి. ఆధార్‌కు ఇంట్లో నడుస్తున్న ఫోను నంబరే కలపండి. ఓడలోకి పంపుతామనే ఏజెంటు, నావికులను ఉద్యోగాల్లో చేర్చడానికి ఉండాల్సిన ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్సు నంబరు చెప్పకపోతే మాట కూడా వినొద్దు. చెబితే ఆ లైసెన్సులిచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ డీజీ షిప్పింగ్ జాబితాలో ఉందో లేదో చూడండి. ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర ఫీజు పుచ్చుకోకూడదని 2006 నాటి అంతర్జాతీయ సముద్ర కార్మిక ఒప్పందంలో ఉంది. మన దేశం దానికి ఒప్పుకుంది. నావికుడు భరించాల్సింది వైద్య సర్టిఫికెట్, సీడీసీ, పాస్‌పోర్టు వంటి తన సొంత పత్రాల ఖర్చే. ఆ పైన ఎవరడిగినా ఇవ్వకండి.