గాలి తాగిన ఇంజిను

రామకుప్పం వైపు బాయిగట్టు మీది నీళ్ల ఇంజిను ఒక్కరోజులో చావలేదు. మొదట దాని గొంతు మారింది.

పెట్రోలుతో స్టార్ట్ చేసి, ఒళ్లు వేడెక్కాక కాక్ తిప్పి కిరసనాయిలు మీద ఆడించే చిన్న ఇంజిను అది. ఇద్దరు పట్టుకుంటే బాయి నుంచి బాయికి, చెరువు తూము దగ్గరికి, పాలారు ఇసకలో తవ్విన గుంట దగ్గరికి మోసుకుపోవచ్చు. తోలుసంచితో నీళ్లు తోడే కపిలను లాగే ఎద్దులు పొద్దంతా పడే పాటును కొన్ని లీటర్ల కిరసనాయిలుతో తేల్చేసేది. అది వచ్చాకే కపిల తాడూ తొండమూ అటకెక్కాయి.

అలాంటిది ఒక ఎండాకాలం ఊగడం మొదలుపెట్టేది. గుర్రుమని లేస్తుంది, అంతలోనే నీరసిస్తుంది, మళ్లీ లేస్తుంది. కార్బొరేటర్ నోట్లోంచి టప్పుమని ఎదురుకొడుతుంది. ప్లగ్గు విప్పితే కాఫీ రంగులో ఉండాల్సిన మొన బూడిద పూసినట్టు తెల్లగా కనిపిస్తుంది. లీన్‌గా ఆడుతోందంటాడు మెకానిక్. ఒక పాలు పెట్రోలు సరిగ్గా కాలాలంటే బరువులో దాదాపు 15 పాళ్ల గాలి కావాలి. ఆ లెక్క తప్పి గాలి ఎక్కువైతే ఇంజిను కాగిపోతుంది.

“చోక్ సగం లాగి చూడు మామా.”

లాగగానే కుదుటపడేది. చోక్ గాలికి అడ్డం పడే రేకు. గాలి తగ్గిస్తే బాగుపడిందంటే నూనె చాలడం లేదనే కదా. ఇక వెతుకులాట. ట్యాంకు మూతకున్న సన్నని బెజ్జం మట్టితో పూడితే లోపలికి గాలి రాక నూనె కిందికి దిగదు. మూత వదులు చేస్తే తెలిసిపోతుంది. అది కాకపోతే కాక్ కింది గిన్నెలో నీళ్లో, తుప్పో. అదీ కాకపోతే జెట్. చాలా రోజులు ఆడించకుండా వదిలేస్తే కార్బొరేటర్ గిన్నెలో మిగిలినది జిగురు కట్టి జెట్‌ను మూసేస్తుంది. ఆపేముందు పెట్రోలుకు తిప్పి కాసేపు ఆడించమని పెద్దవాళ్లు పోరేది మాత్రం, గిన్నెలో కిరసనాయిలు మిగిలితే మర్నాడు చల్లని ఇంజిను స్టార్ట్ కాదు గనక. కుర్రవాళ్లు సైకిల్ బ్రేకు తీగలో ఒక పోగు లాగి జెట్‌ను పొడిచేవాళ్లు. ఇత్తడి బెజ్జం వెడల్పయ్యాక అది ఏ ఇంజినుకూ పనికిరాదు. ఊదాలి గానీ పొడవకూడదు. ఇవన్నీ సరిగ్గా ఉంటే చివరికి కార్బొరేటర్‌కూ సిలిండర్‌కూ నడుమ ఉన్న గాస్కెట్. అక్కడ వెంట్రుకవాసి సందున్నా దొంగగాలి దూరుతుంది.

ఇంత చేసినా కొన్ని ఇంజిన్లు అరుస్తూనే ఉండేవి. అప్పుడు ఎవరో ఒకరు బాయిలోకి తొంగిచూసేవాళ్లు.

“గాలి పీలుస్తా ఉండాది మామా, ఫుట్‌వాల్వు తేలిపోయింది.”

కార్బొరేటర్ నిర్దోషి. పైపు అడుగున ఉండే ఫుట్‌వాల్వు కంటే నీళ్లు కిందికి దిగిపోయాయి. ఎత్తే బరువు లేక ఇంజిను ఒంటరిగా పరుగెత్తుతోంది. పంపు నీళ్లను లాగుతుందనుకుంటాం గానీ నిజానికి పైపులో గాలి తగ్గించడం వరకే దాని పని. నీళ్లను పైకి తోసేది బయటి గాలి ఒత్తిడి. దాని బలం సముద్రమట్టం దగ్గర 10 మీటర్లకు కాస్త పైన. రామకుప్పం లాంటి మెట్టసీమలో ఇంకొంచెం తక్కువ. ఆచరణలో 6, 7 మీటర్లు దాటితే పంపు చేతులెత్తేస్తుంది. అందుకని బాయి గోడలో అరుగు తొలిచి ఇంజినును కిందికి దించారు. నీళ్లు ఇంకా దిగాయి. ఇంకో అరుగు. పొగ పైకి పోయే దారి లేని లోతులో ఇంజినే తన పొగను తాను పీల్చింది. అలాంటి బాయిలోకి ఇంజిను ఆపడానికి దిగినవాడూ, వాణ్ని లేపడానికి దిగినవాడూ తిరిగి రాని ఊళ్లున్నాయి.

ఇంజినును కరెంటు చంపిందంటారు. నేనలా అనుకోను. నీళ్లుంటే బాయిగట్టు మీద కరెంటు మోటారూ బతికేది, పక్కన సాయానికి ఇంజినూ బతికేది. ఎన్టీఆర్ హయాంలో హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయల స్లాబు వచ్చింది, 2004లో ఉచిత విద్యుత్తు వచ్చింది. ఎంతసేపు తోడినా ఖర్చు అంతే అయినప్పుడు బోర్లు ఎందుకు ఆగుతాయి? మన గట్టిరాతి నేలలో నీళ్లు పైనున్న మెత్తరాయిలోనూ, కింద రాతి పగుళ్లలోనూ ఉంటాయి. పక్క కయ్యలో బోరు ఆ పగుళ్లను తోడేస్తుంటే ఈ కయ్యలో బాయి ఎండిపోయింది. తర్వాత బోర్లూ ఎండాయి, వెయ్యి అడుగులు దాటి పోయారు. పాలారు కూడా ఆదుకోలేదు. కర్ణాటకలో నంది కొండల్లో పుట్టి, కోలారు చెరువులన్నీ దాటుకుని మన గడ్డ మీదికి వచ్చేసరికి చాలా ఏళ్లు అది ఇసకదారే. బోర్లకు పగ్గం వేసే వాల్టా చట్టం 2002లో వచ్చింది. అప్పటికే చాలా బాయిల్లో కంపచెట్లు మొలిచాయి.

2024 ఫిబ్రవరిలో రామకుప్పం మండలం రాజుపేట దగ్గర కృష్ణా నీళ్లు తెచ్చే కాలువకు గేటెత్తారు. 2025 ఆగస్టులో కుప్పం పరమసముద్రం చెరువులో కృష్ణా నీళ్లకు హారతిచ్చారు. ఎవరు తెచ్చారన్న వాదన పార్టీలవాళ్లు చూసుకుంటారు. చెరువు నిండి నిలిస్తే దాని కింది బాయిల్లో ఊట పెరుగుతుంది, అది అనుభవమున్న రైతు ఎవరైనా చెప్పే మాట. అయితే పూడ్చి చదును చేసిన బాయికి ఊట ఎక్కణ్నుంచి వస్తుంది? నాడు జెట్లు ఊదిన మెకానిక్కులు ఇవాళ కాలిపోయిన సబ్‌మెర్సిబుల్ మోటార్లకు రాగితీగ చుట్టుకుంటున్నారు.