ఆస్పత్రిలో ట్రయల్, కోర్టులో ట్రయల్: సంతకం ఎవరిది, న్యాయం ఎప్పుడు?

ట్రయల్ అనే మాట మన ఊళ్లలో రెండు చోట్ల వినిపిస్తుంది. ఒకటి మందుల పరీక్ష, రెండోది కోర్టు విచారణ. రెండూ పెరుగుతున్నాయి, రెండింటిలోనూ మనవాళ్లు కనిపిస్తారు. మొదటిదానికి అనుమతి రోజుల్లో దొరుకుతుంటే, రెండోదానిలో సమాధానం రావడానికి ఏళ్లు పడుతోంది. ఆ తేడా ఎవరి మీద పడుతుందో అర్థం కావాలంటే ఖమ్మం నుంచి మొదలుపెట్టాలి.

ఖమ్మంలో ఏం జరిగింది

2009 జులైలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నివారణకు హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు ప్రారంభమైంది. పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), రాష్ట్ర ప్రభుత్వం కలిసి దీన్ని నడిపాయి. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల బాలికలు సుమారు 14 వేల మందికి టీకా వేశారు. వారిలో చాలామంది హాస్టళ్లలో ఉండి చదువుకునే పేద, ఆదివాసీ పిల్లలు. గుజరాత్‌లోని వడోదరలో మరో కంపెనీ టీకాతో ఇలాంటి ప్రాజెక్టే సాగింది. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు బాలికలు చనిపోయారు. మహిళా, ఆరోగ్య సంఘాలు ప్రశ్నించాక 2010 ఏప్రిల్‌లో కేంద్రం ప్రాజెక్టును ఆపింది.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. ఈ మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్టు కనిపించడం లేదని కేంద్రం వేసిన విచారణ కమిటీ తేల్చింది. హెచ్‌పీవీ టీకా ఎన్నో దేశాల్లో వాడుకలో ఉంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పేద మహిళలనే ఎక్కువగా బలి తీసుకుంటుంది కాబట్టి ఆ టీకా మన ఆడపిల్లలకూ అందాలి. మా అభ్యంతరం టీకా మీద కాదు, దాన్ని వేసిన పద్ధతి మీద.

ఆ పద్ధతి ఎలా ఉందో 2013 ఆగస్టులో పార్లమెంటు ఆరోగ్య స్థాయీ సంఘం ఇచ్చిన 72వ నివేదిక చెబుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలతో ఉన్నాయి. 2,763 పత్రాల మీద హాస్టల్ వార్డెన్లు సంతకం చేశారు. పిల్లను హాస్టల్లో వదిలి కూలికి వెళ్లిన తల్లిదండ్రులకు తెలియకుండానే వారి బదులు అంగీకారం నమోదైంది. పైగా దీన్ని ‘ట్రయల్’ అనకుండా ప్రదర్శక ప్రాజెక్టు అన్నారు. పేరు మారితే ట్రయల్‌కు ఉండాల్సిన నిఘా, బీమా, పరిహారం కూడా పక్కకు పోతాయి.

ఆరోగ్యవంతుల మీద పరీక్షలు

అన్ని పరీక్షలూ రోగుల మీదే జరగవు. జెనెరిక్ మందు అసలు మందులాగే ఒంట్లో పనిచేస్తుందో లేదో చూడటానికి ఆరోగ్యవంతులకు మాత్ర ఇచ్చి, గంట గంటకూ రక్తం తీస్తారు. దీన్ని బయో ఈక్వివలెన్స్ పరీక్ష అంటారు. పాల్గొన్నవారికి డబ్బు ఇస్తారు. పనుల్లేని రోజుల్లో ఆ డబ్బే మనవాళ్లను అక్కడికి రప్పిస్తుంది. 2011లో గుంటూరు జిల్లా పిడుగురాళ్ల నుంచి పేద మహిళలను హైదరాబాద్ తీసుకెళ్లి క్యాన్సర్ మందుల పరీక్షల్లో వాడారన్న వార్త రాష్ట్రాన్ని కుదిపింది. 2017లో కరీంనగర్ జిల్లా జమ్మికుంట ప్రాంతపు యువకుల కథ బయటికొచ్చింది. రెండుసార్లూ ఊళ్లో మధ్యవర్తి, నగరంలో కేంద్రం, అర్థంకాని కాగితం మీద సంతకం.

కోర్టు ఏం చేసింది

దేశంలో ట్రయల్స్ పెరగడానికి 2005లో మార్చిన షెడ్యూల్-వై ఒక ముఖ్య కారణం. అప్పటినుంచి విదేశాల్లో జరుగుతున్న దశ పరీక్షలనే అదే సమయంలో ఇక్కడా చేయవచ్చు. ఇండోర్‌కు చెందిన స్వాస్థ్య అధికార్ మంచ్ 2012లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2005 జనవరి నుంచి 2012 జూన్ వరకు 475 కొత్త మందుల ట్రయల్స్‌లో 2,644 మంది చనిపోయారని, అందులో 80 మరణాలకు ట్రయలే కారణమని కేంద్రమే అఫిడవిట్‌లో చెప్పింది. ఆ కేసు వల్లే 2013లో పరిహారం నిబంధన, అంగీకారాన్ని వీడియో తీయాలన్న ఆదేశం వచ్చాయి.

ఖమ్మం ఘటనపై కూడా 2012లోనే పిటిషన్ పడింది. అందులో 2018 మే 9న ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం తీర్పు ఇచ్చింది. పార్లమెంటు సంఘం నివేదికను కోర్టు పరిశీలనలోకి తీసుకోవచ్చు గానీ, దాన్ని కోర్టులో సవాలు చేయకూడదని చెప్పింది. ఇది ప్రజా ప్రయోజన కేసులన్నిటికీ పనికొచ్చే తీర్పే. కానీ ఆరేళ్ల తర్వాత తేలింది నివేదికను చదవవచ్చా లేదా అన్న తొలి ప్రశ్న మాత్రమే. ఆ లోపు టీకా వేయించుకున్న పిల్లలు పెద్దవాళ్లయిపోయారు.

ఇప్పటి నిబంధనలు

2019 మార్చిలో కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు వచ్చాయి. దేశంలోనే కనుగొన్న మందు ట్రయల్‌కు దరఖాస్తు చేస్తే 30 పనిదినాల్లో జవాబు రాకపోతే అనుమతి వచ్చినట్టే లెక్క. కంపెనీకి ఇంత వేగం ఇచ్చిన చట్టం, వీడియో రికార్డింగును మాత్రం కొత్త అణువుల ట్రయల్స్‌లో చేరిన బలహీన స్థితిలోని వారికే పరిమితం చేసింది. జెనెరిక్ పరీక్షకు వెళ్లే కూలీకి ఆ రక్షణ అందదు. ట్రయల్స్ రిజిస్ట్రీ సీటీఆర్ఐలో పాల్గొన్నవారి కులం వివరం నమోదుకాదు కాబట్టి మన శరీరాలు ఎన్ని పరీక్షల్లో ఉన్నాయో లెక్క తీయడానికి దారి లేదు.

అయినా ఈ నిబంధనల్లో అడిగి తీసుకోవాల్సినవి ఉన్నాయి:

• సమాచార పత్రం మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి. దాని ప్రతి, సంతకం చేసిన అంగీకార పత్రం ప్రతి మీ చేతికి ఇవ్వాలి.

• చదవడం రానివారికి ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి ముందు వివరించాలి.

• అంగీకార పత్రంలో నామినీ పేరు, చిరునామా రాయించాలి. ట్రయల్ వల్ల మరణం సంభవిస్తే పరిహారం కోసం ఈ వివరాలు అవసరం.

• ఏ కారణం చెప్పకుండానైనా, ఎప్పుడైనా తప్పుకోవచ్చు.

• ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం హక్కు. ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు పత్రం మీద ఉండాలి.

• తీవ్రమైన హాని జరిగిన 24 గంటల్లో పరిశోధక డాక్టరు నియంత్రణ సంస్థకు తెలపాలి.

ఊళ్లో ఎవరైనా ‘మందుల పరీక్షకు వస్తే డబ్బులిస్తారు’ అంటే పైన చెప్పిన కాగితాలు ముందు అడగండి. కాగితం ప్రతి ఇవ్వని చోట సంతకం పెట్టకండి. రేపు కోర్టుకు వెళ్లాల్సి వస్తే మనవైపు నిలిచే మొదటి సాక్ష్యం ఆ కాగితమే. ఖమ్మంలో తల్లిదండ్రుల దగ్గర అదే లేకుండా పోయింది.