మన ఇళ్ళలో నేటి కవిత్వం: పెద్దలకూ పిల్లలకూ కొన్ని పుస్తకాలు

వేసవి సెలవులకు స్వదేశం వెళ్ళివచ్చే మిత్రులు ప్రతి యేటా ఒక ప్రశ్న అడుగుతారు: "తెలుగు పుస్తకాలు నాలుగు తెద్దామనుకుంటున్నాం, ఏవి తెమ్మంటారు?" అని. ఆవకాయ సీసాలూ, కందిపొడీ, పిల్లల పట్టుపరికిణీలూ సర్దాక పెట్టెలో మిగిలే చోటు కొంచెమే. కవిత్వానికి ఆ కొంచెం చాలు. అయినా చాలామంది తెచ్చేది వేమన పద్యాలు, సుమతీ శతకం, బొమ్మల రామాయణం. అవి ఇంట్లో వుండవలసినవే. కాని అక్కడితో ఆగిపోతే, తెలుగు కవిత్వమంటే ఎప్పుడో పోయిన పెద్దలు చెప్పిన నీతులని మన పిల్లలు అనుకుంటారు. వాళ్ళనని లాభం లేదు. మన సంగతి ఏమంత మెరుగు? ఇంటర్మీడియెట్‌లో బై.పి.సి. తీసుకున్ననాడే తెలుగు వాచకం మూసేసినవాళ్ళం మనలో చాలామంది. మార్కులు బాగా పడతాయని సంస్కృతం తీసుకున్నవాళ్ళకు ఆ వాచకమూ లేదు. తర్వాత అనాటమీ, ఆ పైన విమానం. తెలుగులో ఇంతమంది రాసిన కవిత్వం మన పక్కనుంచే వెళ్ళిపోయింది. అంచేత ఏ పుస్తకం ఎందుకు తేవాలో చెప్పాలంటే కొంచెం చరిత్ర తిరగేయక తప్పదు.

1910లో గురజాడ అప్పారావుగారు ముత్యాలసరమనే కొత్త ఛందస్సు పట్టుకొచ్చారు. పాదానికి పధ్నాలుగు మాత్రలు, మూడూ నాలుగుగా విరుగుతాయి. చివరి పాదం తరచు చిన్నది. గణాలూ యతులూ తెలియకపోయినా బల్లమీద చేత్తో కొట్టి చూసుకుంటే ఆ నడక పట్టుబడుతుంది. మా వృత్తిలో వున్నవాళ్ళకు నాడి పట్టి లెక్కపెట్టడం అలవాటు కనుక మరీ సులువు. మాకు ముఖ్యమనిపించినది మరొకటి వుంది. ఆ రోజున పెద్దల కవిత్వానికీ పిల్లల కవిత్వానికీ మధ్య గోడ లేదు. 'పూర్ణమ్మ' కథ చూడండి. ముసలివాడికి కట్టబెట్టిన ఆడపిల్ల చావు అది. కాని నడిచేది పిల్లలు కూడా పాడుకోగల తేలిక పాటలా. ఏడేళ్ళ పిల్ల ఆ పాటలో పూలనూ అన్నదమ్ములనూ వింటుంది; తల్లి మిగిలినది వింటుంది. ఇంటిల్లిపాదికీ ఒక్క పుస్తకమే తేగలమంటే గురజాడ కవితలు తెమ్మంటాము.

ఆ తర్వాత భావకవిత్వం. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి 'కృష్ణపక్షం' 1925లో వచ్చింది. ఆ కాలపు కవులందరినీ ఒకచోట చేర్చి 1935లో ముద్దుకృష్ణగారు 'వైతాళికులు' అనే సంకలనం తెచ్చారు. కొత్తగా మొదలుపెట్టేవారికి సంకలనమే మంచిది. నచ్చని కవిని దాటేసి పక్క పేజీకి పోవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. ఆ విరహం, ఆ వెన్నెల ఎక్కువ మోతాదులో పడదని మా అనుభవం. రోజుకు రెండు కవితలు చాలు.

శ్రీశ్రీ దగ్గర మాత్రం ఆగవలసిందే. 'మహాప్రస్థానం' గీతాలు ఎక్కువగా 1930లలో రాసినవి. చలంగారు దానికి 'యోగ్యతాపత్రం' అనే ముందుమాట 1940లోనే రాసి ఇచ్చారు. పుస్తకం మాత్రం 1950 దాకా అచ్చు కాలేదు. ముందుమాట రాసిన పదేళ్ళకు పుస్తకం రావడం లోకంలో అరుదు. చిన్న వయసులోనే పోయిన స్నేహితుడు కొంపెల్ల జనార్దనరావుకు అంకితం చేశారు. ఇదంతా తెలుగుదేశంలో చాలామందికి తెలిసినదే. ఇంగ్లండులో వున్న మనం గుర్తుంచుకోవలసినది ఇంకొకటి వుంది. 1981లో యీ పుస్తకం లండను నుంచి వెలువడింది. అక్కడ ఇంగ్లీషు బోధిస్తూ వుండిన గూటాల కృష్ణమూర్తిగారు విదేశాంధ్ర ప్రచురణల పేరిట శ్రీశ్రీ స్వదస్తూరీని ఉన్నదున్నట్టు అచ్చువేసి, ఆయన గొంతులో చదివించిన క్యాసెట్టును దానికి జోడించారు. పేజీమీద కవి చేతిరాత, పక్కన కవి గొంతు. విజయవాడలోనూ హైదరాబాదులోనూ ప్రచురణకర్తలకు కొదవ లేదు. అయినా యీ పని చేసినది పరాయి దేశంలో బతుకుతున్న ఒక తెలుగు మాస్టారు. గూటాలవారు 2016లో కన్నుమూశారు. ఇక్కడ వుండి తెలుగుకు మనమేం చేయగలమని నిట్టూర్చే మిత్రులకు మేము ఆ పుస్తకం చూపిస్తూ వుంటాము.

ఆ గొంతు మన పిల్లలకు మరీ అవసరం. మన పిల్లల్లో చాలామందికి తెలుగు చెవికి తెలుసు, కంటికి తెలియదు. అమ్మమ్మ ఫోనులో మాట్లాడితే అర్థమవుతుంది; అచ్చులో చూపిస్తే జిలేబీలంటారు. గర్భంలో వుండగానే చివరి నెలల్లో శిశువు తల్లి గొంతు వింటుందని మనం చదువుకున్నాము. భాష ముందు చెవినుంచే వస్తుంది. కవిత్వం కూడా అలాగే రావాలి. అక్షరాలు వచ్చాక కవిత్వం చెబుదామని కూర్చుంటే ఆ రెండూ రావు. శ్రీశ్రీ సంస్కృత సమాసాలు పదేళ్ళవాడికి అర్థం కావు, నిజమే. మనకు మాత్రం మొదటిసారి అయ్యాయా? ఆ పరుగు మటుకు అర్థమవుతుంది. కొంచెం ఎదిగిన పిల్లలకు ఆయనవే 'సిప్రాలి' ఇవ్వండి. సిరిసిరిమువ్వ, ప్రాసక్రీడలు, లిమరిక్కులు మూడూ కలిపి పెట్టిన పేరది. లిమరిక్కు ఇక్కడి బడిలో నేర్పేదే కనుక, అది తెలుగులో కూడా వుంటుందా అని వాళ్ళు మొదట ఆశ్చర్యపోతారు, తర్వాత నవ్వుతారు. పిల్లవాడు తెలుగులో చదివి నవ్వడమంటే సామాన్యమైన సంగతి కాదు.

నవ్వించే పెద్దకవుల్లో ఆరుద్రను మరవరాదు. 1949లో 'త్వమేవాహం' రాసిన మనిషి, అంటే చదివేవాణ్ణి ముప్పుతిప్పలు పెట్టిన మనిషి, తర్వాత 'కూనలమ్మ పదాలు', 'ఇంటింటి పజ్యాలు' రాశారు. కూనలమ్మ పదాల్లో మూడు పొట్టి పాదాలు ఒకే ప్రాసతో పరుగెత్తి నాలుగోదానిలో కూనలమ్మను పిలిచి ఆగుతాయి. కారులో వెళ్తూ తలా ఒకటి కట్టుకోవచ్చు. మేము కట్టాము, మోటార్‌వేమీద రెండు గంటలు ఎలా గడిచాయో తెలియలేదు.

పెద్దలకు మేము ముందుగా చేతిలో పెట్టే పుస్తకం మాత్రం దేవరకొండ బాలగంగాధర తిలక్ 'అమృతం కురిసిన రాత్రి'. తిలక్ 1966లో పోయారు. పుస్తకం 1968లో వచ్చింది. 1971లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. తన పుస్తకాన్ని ఆయన చూసుకోలేదు. అందులో తపాలా బంట్రోతు మీద ఒక కవిత వుంది, ఇంటికి ఉత్తరం రాసే సైనికుడి మీద ఒకటి వుంది. ఇంటినుంచి దూరంగా వున్నవాళ్ళు వాటిని చదివి మామూలుగా వుండలేరు. వచన కవితంటే వాక్యాన్ని ముక్కలు చేసి నిలువుగా పేర్చడమని వెక్కిరించే మిత్రులకు కూడా ఇదే మా జవాబు. వచన కవిత కోసం కుందుర్తి ఆంజనేయులుగారు జీవితమంతా వాదించారు, ఫ్రీవర్స్ ఫ్రంటు పెట్టారు, గెలిచారు కూడా. ఆ గెలుపుకు మనం చెల్లించిన ధర ఒకటి వుంది. మాత్రలు పోయేసరికి కవిత నోటికి రావడం తగ్గింది. పెద్దల కవిత్వం కంటితో చదివేదయింది, పిల్లలది చెవితో వినేదిగా మిగిలింది. గురజాడ నాడు లేని గోడ ఇక్కడ లేచిందని మా అభిప్రాయం. కాదనేవారు వుంటే వచ్చే సంచికకు రాయండి.

దాశరథి 'అగ్నిధార' (1949) నిజాం జైలు చూసివచ్చిన కవిది. గట్టిగా చదువుకోవలసిన పద్యాలు. ఆలూరి బైరాగి 'ఆగమగీతి' చీకటి పుస్తకం, సెలవురోజున చదవండి. ఇస్మాయిల్‌గారు కాకినాడ పి.ఆర్. కాలేజీలో ఫిలాసఫీ చెప్పేవారు. ఆయన 'చెట్టు నా ఆదర్శం'లో కవితలు అరపేజీకి మించవు, కేకలు వేయవు. రాత్రి డ్యూటీలో రెండు పిలుపుల మధ్య ఒకటి చదువుకోవచ్చు. సి.నా.రె. 'విశ్వంభర' (1980) పెద్ద ప్రయత్నం, ఒక్క బిగిన చదవాలి. 1965, 1966, 1968లలో దిగంబర కవులు మూడు సంపుటాలు తెచ్చారు. మొదటిదాన్ని హైదరాబాదులో అర్ధరాత్రి ఒక రిక్షా కార్మికుడి చేత, రెండోదాన్ని విజయవాడలో ఒక హోటలు పనివాడి చేత, మూడోదాన్ని విశాఖపట్నంలో ఒక బిచ్చగత్తె చేత ఆవిష్కరింపజేశారు. ఆ తిట్లూ ఆ కోపమూ పిల్లల చేతికి అందని అరలో పెట్టండి. కాని పెట్టండి.

ఇంతవరకు చెప్పినవి చాలామంది విన్న పేర్లే. ఇకమీద చెప్పేవి మన ఇళ్ళలో దాదాపు కనిపించవు. అవే ముందు రావాలని మా పట్టుదల. ఎందుకంటే మనం విమానమెక్కిన యేడు ఏదో, మన మనసులో తెలుగుదేశం ఆ యేటి దగ్గరే నిలిచిపోయి వుంటుంది. మన బంధువులు, మన వీధి, మన కులపు పెళ్ళిళ్ళు. ఆ వీధికి అవతల ఎవరున్నారో మనలో చాలామంది అక్కడ వున్నప్పుడే చూడలేదు. జాషువాగారు 1941లోనే 'గబ్బిలం' రాశారు. గుడిలోకి అడుగుపెట్టనివ్వని మనిషి తన గోడు శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. పద్యాలు పాతవి, చేదు ఇంకా పాతబడలేదు. 1995లో 'చిక్కనవుతున్న పాట' అనే దళిత కవిత్వ సంకలనం వచ్చింది. దాన్ని చదివిన ఒక మిత్రుడు, ఇలాంటివి బయటపెట్టి ఇక్కడి పిల్లల ముందు మన పరువు తీసుకోవడమెందుకన్నాడు. పరువు తీసినది పుస్తకం కాదు గదా.

స్త్రీల కవిత్వంలో రేవతీదేవి 'శిలాలోలిత' 1981లో, ఆమె పోయాక వచ్చింది. ఓల్గాగారి సంపాదకత్వంలో 'నీలిమేఘాలు' 1993లో వచ్చింది. కొండేపూడి నిర్మలగారి 'లేబర్ రూం', పాటిబండ్ల రజనిగారి 'అబార్షన్ స్టేట్‌మెంట్' మన సంఘంలోని డాక్టర్లందరూ చదవాలి. ప్రసవం గురించి మనం కేసుషీటులో ఎన్ని సెంటీమీటర్లు, ఎన్ని నిమిషాలకొక నొప్పి అని రాస్తాము. మంచం మీద వున్న మనిషి అదే గంటను ఎలా గడిపిందో ఆ షీటులో రాయడానికి గడి లేదు. ఆ గడి యీ కవితల్లో వుంది. చదివాక వార్డులో మన గొంతు కొంచెం మారుతుంది; మాకు మారింది.

ఇక పిల్లలవి. పిల్లలకోసమని వేరే కవిత్వం రాయడానికి మొదట పూనుకున్నవారిలో గిడుగు రామమూర్తి పంతులుగారి కుమారుడు సీతాపతిగారు ఒకరు. ఆయన 'చిలకమ్మ పెళ్ళి' ఇప్పటికీ తియ్యగా వుంటుంది. చింతా దీక్షితులుగారి 'లక్కపిడతలు' మరొకటి. 1945లో మద్రాసు నుంచి న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు, అంటే రేడియో అన్నయ్య, అక్కయ్య, 'బాల' పత్రిక మొదలుపెట్టారు. అది 1959 దాకా నడిచింది. పిల్లలు రాసినవి కూడా అందులో అచ్చయ్యేవి. నార్ల చిరంజీవిగారి 'తెలుగుపూలు', కరుణశ్రీగారి 'తెలుగు బాల' శతకాల వరసలోవి. సుమతీ శతకం కంటే మాటలు తేలిక. ఇప్పటివారిలో రెడ్డి రాఘవయ్యగారి 'చిరు దివ్వెలు'కు 2012లో, అలపర్తి వెంకటసుబ్బారావుగారి 'స్వర్ణ పుష్పాలు'కు 2016లో, పత్తిపాక మోహన్‌గారి 'బాలల తాత బాపూజీ'కి 2022లో సాహిత్య అకాడెమీ బాలసాహిత్య పురస్కారాలు వచ్చాయి. ఆ పురస్కారమే 2010లో మొదలయింది. పిల్లల కవిని కవిగా లెక్కించడానికి మనకు అంతకాలం పట్టింది.

ఎంచేటప్పుడు నీతి ఎంత వుందని చూడకండి, చప్పుడెలా వుందో చూడండి. పుస్తకాల షాపులోనే నిలబడి నాలుగు పాదాలు పైకి చదవండి. నోరు తిరగని పుస్తకాన్ని అక్కడే వదిలేయండి. ఉట్టి, దాలి, యెడ్లబండి వంటి మాటలు పిల్లలకు తెలియవని వెనకాడవద్దు. ఇక్కడి నర్సరీ పాటల్లో మాటలు మాత్రం వాళ్ళకన్నీ తెలుసా? మన ఉగాది పోటీల్లో అర్థం తెలియని పద్యాన్ని గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పిన వాళ్ళకు బహుమతులిస్తున్నాము. ఇకనుంచి, తనకు నచ్చిన గేయం ఒకటి ఎంచుకుని అది ఎందుకు నచ్చిందో వచ్చీరాని తెలుగులో చెప్పిన బిడ్డకు కూడా ఒకటి ఇస్తే బాగుంటుందని కార్యవర్గానికి మనవి.

పదిహేనేళ్ళు దాటి తెలుగు చదవడం రాని పిల్లలకు వెల్చేరు నారాయణరావుగారు ఇంగ్లీషులోకి అనువదించిన ఇరవయ్యో శతాబ్దపు కవితల సంకలనం 'హైబిస్కస్ ఆన్ ది లేక్' వుంది. 2003లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం ప్రెస్సు వేసింది. దాన్ని ఒక్కదాన్నే ఇవ్వకండి. ఇంగ్లీషు పేజీ పిల్లల చేతిలో పెట్టి, తెలుగు మూలం మీరు పైకి చదవండి. మీ ఉచ్చారణను వాళ్ళు, వాళ్ళ ఉచ్చారణను మీరు దిద్దుకోవచ్చు.

పైన చెప్పినవాటిలో ఏడెనిమిది మా ఇంట్లో వున్నాయి. కావలసినవారు వచ్చే నెల సమావేశంలో అడిగి తీసుకోవచ్చు. తిలక్ మాత్రం ఎనిమిది నెలలుగా ఎవరి ఇంట్లోనో వున్నారు. దయచేసి ఆయనను ఒకసారి ఇంటికి పంపండి.