ఒక గొట్టం వంపు తిరిగిన కథ

దూరాలు తిరగడానికి బైకు కొన్నవాళ్లలో చాలామంది ఏదో ఒకరోజు మెకానిక్‌ని అడిగే మాట ఒకటుంది: "అన్నా, ఈ హ్యాండిల్ తీసి వేరేది వేస్తావా?" మూడొందల కిలోమీటర్లు ఏకబిగిన నడిపాక నడుమో, మెడో, మణికట్టో ఆ మాట అనిపిస్తుంది. మెకానిక్ లెక్కలో అది నాలుగు బోల్టుల పని. ఆ బోల్టుల కింద బిగిసిన గొట్టం వయసు మాత్రం రెండు వందల ఏళ్లు దాటింది.

ఇంజన్ పుట్టకముందే ఇది మొదలైంది. 1817 జూన్ 12న జర్మనీలోని మాన్‌హైమ్‌లో కార్ల్ ఫాన్ డ్రైస్ తాను తయారుచేసిన రెండు చక్రాల చెక్కబండి ఎక్కి ఊరి బయటికి వెళ్లొచ్చాడు. పెడళ్లు లేవు, కాళ్లతో నేలను తన్నుకుంటూ పోవడమే. ముందు చక్రాన్ని తిప్పడానికో కర్ర, మోచేతులు ఆనించుకోవడానికి మెత్త కుట్టిన అడ్డపలక. బండిని తిప్పేది ఒకటి, ఒంటి బరువు మోసేది ఇంకొకటి. తరువాతివాళ్లు ఆ రెండు చాకిరీలూ ఒక్క గొట్టానికే అప్పగించారు. మన మణికట్టు నొప్పులకు బీజం అక్కడే పడిందని నా అనుమానం.

1860లలో పారిస్‌లో మిషో తయారుచేసిన పెడల్ బండి ఆ గొట్టానికి మూడో పని చెప్పింది. పిడులు పట్టుకుని హ్యాండిల్‌ని మెలితిప్పితే తాడు చుట్టుకుని, వెనక చక్రం మీద బ్రేకు దిమ్మె పడేది. అదే దశాబ్దం చివర్లో అమెరికాలో సిల్వెస్టర్ రోపర్ ఆవిరితో నడిచే రెండు చక్రాల బండి కట్టాడు. హ్యాండిల్ ముందుకు మెలితిప్పితే ఆవిరి అందుతుంది, వెనక్కి తిప్పితే బ్రేకు పడుతుంది. కుడిచేత్తో మనం రేజ్ ఇచ్చే పద్ధతికి తాత అనదగ్గ ఏర్పాటు అదే.   

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో హ్యాండిల్ మీద మీటల సంత నడిచింది. పెట్రోలుకొకటి, గాలికొకటి, స్పార్క్ ముందూవెనకలకొకటి, మళ్లీ క్లచ్, బ్రేకు. కొన్ని మీటలు కాలక్రమంలో ఎగిరిపోతే వాటి చోట హారన్, లైట్లు, ఇండికేటర్ల స్విచ్‌లు వచ్చి కూర్చున్నాయి. ఈరోజు ఆ గొట్టాన్ని కదిపితే దాన్ని పట్టుకు వేలాడే సంసారమంతా కదలాల్సిందే.

ఇక వంపు సంగతి. లండన్ శివారులో నార్త్ సర్క్యులర్ రోడ్డు మీద ఏస్ కఫే అని ఒక టీ దుకాణం ఉండేది. 1950లలో అక్కడ చేరిన కుర్రాళ్లకు వేగమే లోకం. కంపెనీ హ్యాండిల్ పీకేసి, ఫోర్క్ గొట్టాలకే రెండు పొట్టి ముక్కలు బిగించేవాళ్లు. వాటినే క్లిప్ ఆన్‌లు అంటారు. చేతులు కిందికి దిగితే కాళ్లకు చోటు చాలదు కనుక ఫుట్‌రెస్టులూ వెనక్కి జరిగాయి. అట్లాంటిక్ అవతల అభిరుచి తలకిందులు. బ్రిటన్ కంపెనీ ట్రయంఫ్ తన బొనెవిల్ బైకును సొంత దేశంలో కురచ హ్యాండిల్‌తో, అమెరికాలో ఎత్తైన వెడల్పాటి హ్యాండిల్‌తో అమ్మింది.

ఈ తగవులో ఎవరి పక్షం న్యాయం? గాలిని అడగాలి. వంద దాటిన వేగంలో ఎదురుగాలి ఛాతీని వెనక్కి నెడుతుంది. ముందుకు వంగి కూర్చున్నవాడిని ఆ గాలే మోస్తుంది, అరచేతుల మీద బరువు తేలికవుతుంది. నిటారుగా కూర్చున్నవాడు అదే గాలికి ఎగిరిపోకుండా హ్యాండిల్ పట్టుకు వేలాడాలి. ముప్పైలో పాకుతున్నప్పుడు గాలి సాయం ఉండదు, వంగినవాడి బరువంతా మణికట్ల మీదే. బీఎండబ్ల్యూ వాళ్లు 1976లో ఆర్100 ఆర్ఎస్‌ను కురచ హ్యాండిల్‌తో, గాలిని మళ్లించే నిండు తొడుగుతో (ఫెయిరింగ్) తెచ్చారు. రెండేళ్లకే ఆర్100 ఆర్‌టీ వచ్చింది: ఎత్తైన హ్యాండిల్, గాలిని ఆపే పెద్ద అద్దం. దూరప్రయాణానికి నిటారుగా కూర్చోవాలంటే ముందు గాలిని ఆపాలన్న సంగతి ఆ జంటను చూస్తే బోధపడుతుంది. 1980లో వచ్చిన ఆర్80 జీఎస్ మట్టిబాటల బళ్ల వెడల్పాటి హ్యాండిల్ ఎత్తుకుంది. గుంతల్లో నిలబడి నడపడానికి అది కావాలి. మన వాళ్లు లడఖ్ ఎక్కుతున్న హిమాలయన్ బైకుదీ అదే వంశం.

మద్రాసు తిరువొత్తియూరు నుంచి వచ్చిన బుల్లెట్ ఈ పంచాయితీలో ఎప్పుడూ తలదూర్చలేదు. దాని వేగానికీ మన రోడ్లకూ నిటారు హ్యాండిలే సరి. బుల్లెట్ కట్టిన కంపెనీయే 2018లో ఒకే 648 సీసీ ఇంజన్‌తో రెండు బైకులు అమ్మకానికి పెట్టింది. ఇంటర్‌సెప్టర్‌కు వెడల్పాటి హ్యాండిల్, కాంటినెంటల్ జీటీకి క్లిప్ ఆన్‌లు. హైదరాబాద్ నుంచి విజయవాడకు ఎనభైలో పోయేవాడికి నా ఓటు మొదటిదానికే. రెండోది ఫొటోలో బాగుంటుంది.

మార్చుకునేవాళ్లు చూడాల్సింది ముందుగా లావు. చాలా బైకులకు 22 మిల్లీమీటర్లు, హార్లీలకు 25.4. మధ్యలో 28.6 ఉండి చివర్లకు 22కు సన్నబడే లావు బార్లూ ఉన్నాయి. వాటికి క్లాంపులు వేరు. ఎత్తు పెరిగిందా, క్లచ్ వైరు, యాక్సిలరేటర్ వైరు పొడుగువి కావాలి. డిస్క్ బ్రేకు ఆయిల్ పైపు మారిస్తే ఎయిర్ తీయించాలి. అంగుళం ఎత్తు చాలనుకుంటే, ఉన్న హ్యాండిల్‌నే పైకెత్తే రైజర్లు వేయించి చూడడం చవక.

నేనూ ఒకప్పుడు ముచ్చటపడి ఎత్తు హ్యాండిల్ వేయించాను. బిగించినాయన పాత వైర్లనే లాగి కట్టాడు. తిన్నగా పోతుంటే రాజభోగం. ఒక సందులో బండి పూర్తిగా మలిపేసరికి, నా చెయ్యి కదలకుండానే ఇంజన్ గొంతు పెంచి గోడ మీదికి ఉరికింది. క్లచ్ అందబట్టి సరిపోయింది.

అందుకే, పని అయిందనగానే డబ్బులిచ్చేయకండి. బండి న్యూట్రల్‌లో ఉంచి స్టార్ట్ చేసి, హ్యాండిల్‌ని ఎడమ చివరిదాకా, కుడి చివరిదాకా తిప్పి వినండి. మోత ఏమాత్రం పెరిగినా, వైరు మార్చేదాకా బండి బయటికి తీయకండి.